నల్లా నుంచి కాలేయం దాకా

ఎంటమీబా హిస్టొలిటికా అనే పరాన్నజీవి వెయ్యి మంది పేగుల్లో చేరిందనుకుందాం. వారిలో సుమారు 900 మందికి ఏమీ కాదు. తింటారు, తిరుగుతారు, పనికి పోతారు. మిగిలిన నూరుమందిలో చాలామందికి జిగట విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, ఒక్కోసారి నెత్తురు పడటం. పది మంది లోపు మనుషుల్లో మాత్రం ఆ అమీబా పేగు గోడను తొలుచుకుని, రక్తంలో పడి, కాలేయానికి చేరి అక్కడ గడ్డ కడుతుంది.

వెయ్యికి పది లోపు అంటే ఎవరికీ పట్టని సంఖ్యలా ఉంటుంది. వియత్నాంలోని హ్యూ నగరంలో ఈ గడ్డల లెక్క జాగ్రత్తగా తీశారు. ఏటా లక్ష మందికి 21 కేసులు తేలాయి. పది లక్షల జనాభా ఉన్న ఊరికి ఆ లెక్క వేస్తే ఏడాదికి 210 మంది. అంటే రెండు రోజులు గడవకముందే ఇంకో మనిషి కుడి పక్క పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కుతాడు. మంచినీళ్ల పైపు, మురుగు పైపు పక్కపక్కనే పారే ఏ పాత నగరమూ ఈ లెక్కకు దూరంగా ఉండదు. హైదరాబాద్ పాతబస్తీ అలాంటి నగరమే.

నయాపూల్ దాటి ఇటు వస్తే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖానా. యాకుత్‌పురా నుంచి, తలాబ్‌కట్ట నుంచి, షాలిబండ నుంచి, చాంద్రాయణగుట్ట నుంచి జనం తరాలుగా వచ్చే చోటు. ఇక్కడి సర్జరీ, గ్యాస్ట్రో డాక్టర్లకు కాలేయంలో అమీబా గడ్డ పాత పరిచయమే. రోగి సాధారణంగా ఇరవై నుంచి నలభై అయిదేళ్ల మగవాడు. ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లకు ఈ గడ్డ 7 నుంచి 10 రెట్లు ఎక్కువ. పేగుల్లో అమీబా మాత్రం ఇద్దరిలోనూ ఇంచుమించు సమానంగానే ఉంటుంది. తేడా అంతా కాలేయం దగ్గరే వస్తుంది. జర్మనీలో హాంబర్గ్ పరిశోధకులు ఎలుకల మీద పనిచేసి, మగ హార్మోను టెస్టోస్టిరోన్ ఉన్నచోట కాలేయం ఈ జీవికి త్వరగా లొంగుతుందని చూపారు. కాబట్టి ఇది ‘మగాళ్లు బయట తింటారు’ అనే ఒక్క మాటతో తేలిపోయే విషయం కాదు.

వచ్చినవాడు చెప్పే మాట వినండి. ‘కడుపు బాగానే ఉంది సార్, పక్కలోనే పోటు.’ చలితో జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కుడి డొక్క కింద నొప్పి, అన్నం సహించకపోవడం. గడ్డ కాలేయం పైభాగంలో ఉంటే ఊపిరి పీల్చినప్పుడు పోటు, పొడిదగ్గు, కుడి భుజంలో నొప్పి. భుజం నొప్పికి కారణం నరం. ఊపిరితిత్తుల కిందుండే కండరపు పొర డయాఫ్రమ్‌కు వెళ్లే నరమూ భుజం చర్మానికి వెళ్లే నరాలూ మెడలో ఒకేచోట బయలుదేరతాయి గనక, కాలేయం పైన రాజుకున్న మంట భుజంలో తెలుస్తుంది. ఇంకేముంది, ఒకరు టైఫాయిడ్ అంటారు, ఒకరు న్యుమోనియా అంటారు, ఒకరు భుజానికి మలాం రాసి పంపుతారు. కామెర్లు చాలామందిలో ఉండవు. లివర్ జబ్బు అంటే కళ్లు పచ్చబడటమేనని నమ్మే మనకు ఇది పెద్ద చిక్కు. కళ్లు తెల్లగా ఉన్నాయి కాబట్టి లివర్ బాగుందనుకుని వారం గడిపేస్తారు.

ఇక విరేచనాలు. గడ్డతో వచ్చినవారిలో, ఆ సమయానికి విరేచనాలు ఉన్నవాళ్లు మూడోవంతుకు మించరు. చాలామందికి అవి ఎప్పుడో వచ్చి తగ్గిపోయి ఉంటాయి, లేదా అసలు వచ్చి ఉండవు. కలుషితమైన నీళ్లు తాగిన రోజుకీ, కాలేయంలో గడ్డ బయటపడే రోజుకీ మధ్య సాధారణంగా 8 నుంచి 20 వారాలు గడుస్తాయి. కొందరిలో ఏళ్లు కూడా. ఈ జబ్బును అర్థం చేసుకోవాలంటే పట్టుకోవాల్సిన సంఖ్య ఇదేనని నా అభిప్రాయం.

ఎందుకంటారా? 2009 మే నెలలో ముషీరాబాద్ దగ్గర భోలక్‌పూర్‌లో మంచినీళ్లలో మురుగు కలిసి కలరా ప్రబలింది. ప్రాణాలు పోయాయి. కలరా కొన్ని గంటల నుంచి 5 రోజుల లోపే బయటపడుతుంది. ఒకే బస్తీ నుంచి ఒకే వారంలో జనం వాంతులు, విరేచనాలతో ఆసుపత్రులకు పరుగెత్తారు. మంత్రులు వచ్చారు, ట్యాంకర్లు వచ్చాయి, పైపులు తవ్వారు. అదే నీళ్లలో అమీబా ఉంటే? ఒకడికి జులైలో, ఇంకొకడికి సెప్టెంబరులో, వేరొకడికి దసరా దాటాక జ్వరం వస్తుంది. ఒకడు ఉస్మానియాకు పోతాడు, ఇంకొకడు గల్లీలోని క్లినిక్‌కు, వేరొకడు పని వెతుక్కుంటూ పోయిన పుణెలో డాక్టరు దగ్గరకు. ఆ ముగ్గురూ ఒకే నల్లా నీళ్లు తాగారని చెప్పేవాళ్లు ఎవరు?

ఈ ఆలస్యం ఎంత దూరం పోగలదో 1933లో షికాగో చూపించింది. ప్రపంచ ప్రదర్శన కోసం లక్షలమంది ఆ ఊరికి వచ్చారు. రెండు పేరున్న హోటళ్లలో పాత ప్లంబింగ్ వల్ల పైపుల నుంచి మురుగు మంచినీళ్లలోకి కారింది. తాగినవాళ్లు రైళ్లెక్కి సొంత ఊళ్లకు వెళ్లిపోయాక, అమెరికా అంతటా చెల్లాచెదురుగా జబ్బుపడ్డారు. నవంబరు దాకా జనానికి గట్టిగా చెప్పలేదు. చివరికి తేలినవి 1,400 పైచిలుకు కేసులు, 98 మరణాలు. పోయినవారిలో ఆనాటి ప్రముఖ నటి టెక్సస్ గినన్ ఒకరు. నిజానికి షికాగో నగరం అప్పటికే నీళ్లలో క్లోరిన్ కలుపుతోంది.

క్లోరిన్ ఉన్నా అలా ఎలా జరిగింది? అమీబాకు రెండు రూపాలున్నాయి. పేగులో కదులుతూ తినే రూపం ఒకటి. అది బయటపడితే ఎక్కువసేపు బతకదు. రెండోది గుండ్రటి, గట్టి పెంకున్న సిస్ట్. దాని అడ్డుకొలత 10 నుంచి 20 మైక్రాన్లు, ఎక్కువగా 10 నుంచి 15 మధ్య. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తడి మట్టిలో, నీళ్లలో సిస్ట్ రోజులు, వారాలు నిలుస్తుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం నల్లా దగ్గర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. కలరా క్రిమికి ఆ మోతాదు చాలు. సిస్ట్‌కు చాలదు. నగరానికి నీళ్లిచ్చే జలమండలి మనిషి వచ్చి నల్లా నీళ్లలో చుక్కలు వేసి, రంగు మారగానే ‘క్లోరిన్ ఉంది’ అని రాసుకుపోతే, కలరా గురించి నిశ్చింతగా ఉండొచ్చు. అమీబా గురించి ఆ రంగు ఏమీ చెప్పదు.

సిస్ట్‌ను నిజంగా ఆపేది ఇసుక పడకలు. పటికతో మడ్డిని పేరుకునేలా చేసి, ఇసుకలోంచి నీళ్లను వడపోస్తే సిస్టులు అక్కడే చిక్కుకుంటాయి. హిమాయత్‌సాగర్ నీళ్లు మీర్ ఆలం ఫిల్టర్ బెడ్స్ మీదుగానే పాతబస్తీకి వస్తాయి. అంటే అక్కడినుంచి బయల్దేరిన నీళ్లు మంచివే. చెడేది దారిలో. దారిలో చెడినప్పుడు కాపలాకు మిగిలేది ఒక్క క్లోరినే, దాని శక్తి ఎంతో ఇప్పుడే చెప్పుకున్నాం.

ఆ దారి కథ పాతది. 1908 సెప్టెంబరు మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాద్ వచ్చారు. ఆయన ప్రణాళిక మీదే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకం కూడా ఆయన చేతి చలవే. ఆనాటి ఊరికి అది గొప్ప పని. తర్వాత ఊరు పెరిగింది, మంజీరా నీళ్లు వచ్చాయి, సింగూరు, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాయి. చార్మినార్ చుట్టూ ఉన్న సన్నటి గల్లీల కింద మాత్రం మురుగు, మంచినీళ్లు రెండూ నాలుగడుగుల వెడల్పులో ఇరుక్కుని పారుతూనే ఉన్నాయి.

ఆ గల్లీల్లో ఒక ఇంటి ముందు ఆగి చూడండి. అరుగు పక్కన రెండడుగుల లోతు గుంత, మీద రాతి పలక. పలక జరిపితే అడుగున నల్లా. ప్రెషర్ సరిపోదని, నీళ్లు పైకెక్కవని, పైపు ఎక్కడుందో అక్కడికే దిగి బిందె పెట్టుకునే ఏర్పాటు అది. వానాకాలం ఆ గుంతలోకి మోరీ నీళ్లు ఊరుతాయి. నల్లా మూతి మునిగి ఉంటుంది. సరఫరా రోజు విడిచి రోజు. నీళ్లు వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి లోపలివే బయటికి వస్తాయి. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతూ లోపలికి లాగుతుంది, అప్పుడు మునిగిన నల్లా మూతి ద్వారా, పగిలిన జాయింటు ద్వారా చుట్టూ ఉన్నదంతా పైపులోకి పోతుంది. ఎవరైనా నేరుగా పైపుకే మోటారు బిగిస్తే ఆ లాగుడు సరఫరా వేళల్లో కూడా మొదలవుతుంది. 2025 వేసవిలో జలమండలి మోటార్లు పట్టుకోవడానికి ఇల్లిల్లూ తిరిగింది. చేయాల్సిన పనే. కానీ మోటారు పెట్టినవాడి ఇంట్లో నీళ్లెందుకు ఎక్కడం లేదో కూడా అదే రోజు రాసుకోవాలి. సరిపడా ఒత్తిడితో నీళ్లిస్తే గుంతా అక్కర్లేదు, మోటారూ అక్కర్లేదు.

నల్లా వదిలిన మొదటి నీళ్లు అన్నిటికన్నా చెడ్డవి. పైపులో నిలిచినదంతా వాటితోనే వస్తుంది. బస్తీ ఆడవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, మొదటి బిందె గిన్నెలకో బట్టలకో పక్కన పెడతారు. ఆ తర్వాతి నీళ్లకు చాలా ఇళ్లలో పాత చీర ముక్కే ఫిల్టరు. చీర ముక్కకు విలువ లేదని కాదు. బంగ్లాదేశ్‌లోని మత్లాబ్ పల్లెల్లో పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి వడపోస్తే కలరా 48 శాతం తగ్గిందని 2003లో తేలింది. కలరా క్రిములు నీటి పురుగులను అంటిపెట్టుకుని ఉంటాయి, ఆ పురుగులు చీర మడతల్లో ఆగిపోయాయి. నాలుగు మడతల చీర ఆపగలిగేది 20 మైక్రాన్లకు పైబడినవాటిని. మన సిస్ట్ 10 నుంచి 15. జారిపోతుంది. మంట మీద తెర్లేదాకా కాచి ఒక నిమిషం అలాగే మరగనిస్తే మాత్రం సిస్ట్ చస్తుంది. 1 మైక్రాన్ రంధ్రాల ఫిల్టరైనా ఆపుతుంది. కాచిన నీళ్లను బిందెలో పోసి, అందులో చేతితో గ్లాసు ముంచితే కష్టమంతా వృథా. నల్లా బిగించిన స్టీలు డ్రమ్ము మేలు.

కడుపులోకి చేరిన సిస్ట్ చిన్నపేగులో విచ్చుకుని పెద్దపేగులో కాపురం పెడుతుంది. గోడను తొలిచాక అక్కడి రక్తంతో పాటు, కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలో పడుతుంది. పెద్దపేగు కుడివైపు నుంచి వచ్చే రక్తం ఎక్కువగా కాలేయపు కుడిభాగానికే చేరుతుంది కాబట్టి 80 శాతం దాకా గడ్డలు అక్కడే. అక్కడ అది చేసే పని 2014లో మైక్రోస్కోపు కింద స్పష్టంగా కనిపించింది. వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూసిందేమిటంటే, అమీబా మనిషి కణాన్ని ఒక్కసారిగా మింగదు, బతికుండగానే కొంచెం కొంచెం కొరుక్కుతింటుంది. కణం చచ్చాక వదిలేసి పక్కదాని మీద పడుతుంది. గడ్డలో ఉండేది అలా కరిగిపోయిన కాలేయమే. అందుకే ఆ ద్రవానికి మామూలు చీము వాసన ఉండదు. అందులో వెతికితే అమీబాలు దొరకడం కూడా అరుదు, అవి గడ్డ అంచున, తాజా కాలేయం దగ్గర ఉంటాయి.

స్కానింగ్ రిపోర్టులో ‘5 సెంటీమీటర్లు’, ‘10 సెంటీమీటర్లు’ అని రాస్తారు. రెండోది మొదటిదానికి రెట్టింపు అనుకుంటాం. లెక్క వేస్తే 5 సెంటీమీటర్ల గడ్డలో సుమారు 65 మిల్లీలీటర్లు పడతాయి, 10 సెంటీమీటర్ల గడ్డలో 520. ఎనిమిది రెట్లు. అర లీటరు పైన ద్రవం, కిలోన్నర బరువుండే కాలేయంలో. అది కాలేయం పైపొర దాకా వచ్చిందంటే పగిలే ప్రమాదం. ఛాతీలోకి పగలొచ్చు, కడుపులోకి పగలొచ్చు. ఎడమభాగంలోని గడ్డ గుండె పొరలోకి పగిలితే అన్నిటికన్నా ప్రాణాంతకం. అందుకే ఎడమవైపు గడ్డలకు డాక్టర్లు తొందరపడతారు.

ఒకప్పుడు ఈ గడ్డకు కత్తే మందు. కలకత్తాలో పనిచేసిన లెనార్డ్ రోజర్స్ తీసిన లెక్కలో, కోసి తెరిచిన 2,661 మందిలో నూటికి 57 మంది దాకా చనిపోయారు. ఆయన 1912లో ఎమెటిన్ ఇంజెక్షను వాడుకలోకి తెచ్చి, కోయకుండా సూదితోనే ద్రవం లాగే పద్ధతిని నిలబెట్టాడు. ఆ విధంగా చికిత్స చేసినవారిలో మరణాలు నూటికి 14 దగ్గరికి దిగాయి. ఎమెటిన్ గుండెను దెబ్బతీసేది, అయినా అర్ధ శతాబ్దం అదే దిక్కు. 1966లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ వైద్యులు మెట్రోనిడజోల్ మాత్ర ఈ గడ్డను నయం చేస్తుందని చూపాక అంతా మారిపోయింది. ఇప్పుడు పగలని గడ్డతో, వేళకు వచ్చినవారిలో మరణాలు నూటికి ఒకటి నుంచి మూడు.

పెద్దవాళ్లకు మామూలుగా రాసేది 800 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, పది రోజులు. 400 మిల్లీగ్రాముల మాత్రల్లో 60. అన్నీ కలిపినా జేబుకు బరువు కాదు. నాలుకకు లోహపు రుచి తగులుతుంది, వికారం పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో జ్వరం దిగుతుంది, నొప్పి తగ్గుతుంది. సరిగ్గా అక్కడే చాలామంది ఆపేస్తారు. కూలికి పోవాలి, మందు సహించదు, పైగా బాగానే ఉంది కదా. ఆ మాత్రలు అయిపోయేదాకా మద్యం ముట్టకూడదు.

మందుతో తగ్గనివాటికి, పగిలేలా ఉన్నవాటికి పైపు వేస్తారు. అల్ట్రాసౌండ్ తెర మీద నల్లటి గుండ్రటి మచ్చను చూస్తూ, పక్కటెముకల మధ్య చర్మానికి మత్తు ఇచ్చి, చివర పందితోకలా చుట్టుకునే సన్నటి గొట్టాన్ని లోపలికి పంపుతారు. గొట్టం కొసకు సంచి. సంచిలోకి దిగేది చిక్కటి, చాక్లెట్ రంగు ద్రవం. మంచం పట్టెకు ఆ సంచి వేలాడుతుంటే పక్కన కూర్చున్న అమ్మకు అది నెత్తురనిపిస్తుంది, ఆమెకు ఒక్క మాట చెప్పి ధైర్యమిచ్చే తీరిక వార్డులో ఎవరికో ఒకరికి ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో బ్యాక్టీరియా వల్ల వచ్చే గడ్డలూ తెర మీద ఇలాగే కనిపిస్తాయి. వాటికి మందులు వేరు. నెత్తురులో అమీబా యాంటీబాడీల పరీక్ష ఆ తేడా చాలావరకు చెబుతుంది.

ఇప్పుడు అందరూ వదిలేసే భాగానికి వద్దాం. మెట్రోనిడజోల్ కాలేయంలోని అమీబాను చంపుతుంది, కానీ పేగులో మిగిలినదాన్ని పూర్తిగా చంపదు. గడ్డ నయమైనవారిలో 40 నుంచి 60 శాతం మంది పేగుల్లో పరాన్నజీవి ఇంకా ఉంటుంది. దానికి డిలోక్సనైడ్ ఫ్యూరోయేట్ లాంటి రెండో మందు ఉంది, 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, పది రోజులు. డిశ్చార్జి చీటీలో ఈ రెండో మందు ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. లేకపోతే నయమై ఇంటికెళ్లినవాడే మళ్లీ సిస్టులు వదులుతాడు, అవి ఆ గల్లీ మోరీలోకే పోతాయి. వాడు హోటల్లో వంటవాడో, చాయ్ బండివాడో అయితే ఇంకా చెప్పనక్కర్లేదు.

ఇంకోవైపు, ‘నాకు అమీబియాసిస్ ఉంది’ అని ఏళ్ల తరబడి చెప్పుకునేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. మలపరీక్షలో సిస్టులు కనిపించాయని ఎవరో ఒకప్పుడు రాసిచ్చిన చీటీ దానికి ఆధారం. ఎంటమీబా డిస్పార్ అనే ఇంకో జీవి ఉంది. మైక్రోస్కోపులో అచ్చం ఇలాగే ఉంటుంది, కానీ ఎవరికీ హాని చేయదు. 1925లో ఎమిల్ బ్రంప్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ మాట అంటే ఎవరూ నమ్మలేదు, 1993లో గానీ అది స్థిరపడలేదు. ఉబ్బరానికీ అజీర్తికీ వీళ్లు మింగే మెట్రోనిడజోల్‌తో వచ్చే లాభం లేదు. నిజంగా అవసరమైనవాడేమో కోర్సు మధ్యలో ఆపేస్తున్నాడు.

కల్లు సంగతి కూడా చెప్పుకోవాలి. శ్రీలంకలోని జాఫ్నాలో ఈ గడ్డ రోగులు దాదాపు అందరూ కల్లు తాగే మగవాళ్లేనని అక్కడి వైద్యులు గమనించారు. కల్లులో కలిసే నీళ్లు, చేతులు కారణమా, మద్యం కాలేయాన్ని ముందే బలహీనపరచడం కారణమా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. హైదరాబాద్‌లో 2004లో మూసిన కల్లు కాంపౌండ్లు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. తాగేవాడైతే డాక్టరుకు దాచకుండా చెప్పాలి. అయితే ‘తాగుబోతు రోగం’ అని ముద్ర వేస్తే, జీవితంలో చుక్క ముట్టనివాడు తనకీ జబ్బు రాదనుకుని ఇంట్లో పడుకుంటాడు. పాతబస్తీలో అలాంటివాళ్లు చాలామందే.

మందు పూర్తయ్యాక మళ్లీ స్కానింగ్ తీస్తే గడ్డ ఇంకా కనిపిస్తుంది. భయపడక్కర్లేదు. రోగం తగ్గినా ఆ ఖాళీ పూడటానికి 3 నుంచి 9 నెలలు పడుతుంది. జ్వరం లేకుండా, ఆకలి పుట్టి, బరువు పెరుగుతుంటే నెలనెలా స్కానింగులకు డబ్బు పోయనవసరం లేదు.

చివరగా మళ్లీ ఉస్మానియాకే వద్దాం. 2020 జులై వానకు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి మురుగుతో కలిసిన నీళ్లు వచ్చాయి, భవనం ఖాళీ చేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. కొత్త ఆసుపత్రి రికార్డుల్లో ఒక గడి అడగాలనిపిస్తుంది. నీటి కాలుష్యం మీద ప్రభుత్వ నిఘా విరేచనాల లెక్క చుట్టూ నడుస్తుంది. చేరిన రోజున విరేచనాలు లేని ఈ రోగి ఆ లెక్కలో పడడు. అతని కేసు షీటు మీద గల్లీ పేరు, ఏ నల్లా నీళ్లు తాగాడు, గుంత నల్లానా కాదా అన్నది రాసి జలమండలికి పంపితే చాలు. అక్టోబరు మొదటి తేదీన గడ్డ బయటపడితే, 8 నుంచి 20 వారాలు వెనక్కి లెక్కపెట్టి, మే నెల మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఆ గల్లీ నుంచి ‘నల్లాలో మోరీ వాసన’ అంటూ జలమండలి ఫోన్ నంబరు 155313కు వచ్చిన ఫిర్యాదులు తీసి చూడాలి, ఆ పైపే ముందు తవ్వాలి.